జీడి పిక్కల డబ్బుకు రశీదు ఎక్కడిది?

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళంలో ఈ మధ్య రెండు పడక గదుల ఫ్లాటు కొన్నాను. మా ఇంట్లో బ్యాంకు అప్పుతో ఇల్లు కొన్న మొదటివాడిని నేనే. ధర 28 లక్షలు. 30 లక్షల లోపు గృహ రుణమైతే ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది గాని, నా జీతానికి 80 శాతం మించి రాదన్నారు. మిగిలిన 5.60 లక్షలు నా వాటా. స్టాంపు డ్యూటీ, బదలాయింపు సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 2.10 లక్షలు. మొత్తం 7.70 లక్షలు. ఆ డబ్బు కూడబెట్టడం ఒక ఎత్తు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపించడం ఒక ఎత్తు అయింది.

జీతంలో మిగుల్చుకున్న 3.10 లక్షల గురించి ఎవరూ ఏమీ అడగలేదు. అమ్మ గొలుసు అమ్మితే 2 లక్షలు వచ్చాయి. దుకాణం వారు డబ్బు ఖాతాలోనే వేశారు, బిల్లు కూడా ఇచ్చారు. అయినా ఆ గొలుసు కొన్నప్పటి రశీదు ఉందా అని బ్యాంకులో అడిగారు. అది అమ్మమ్మ మెడలోంచి అమ్మ మెడలోకి వచ్చిన గొలుసు. మధ్యలో రశీదు ఎవరు రాస్తారు?

అసలు చిక్కు నాన్న ఇచ్చిన 2.60 లక్షలతో వచ్చింది. మా జిల్లాలోనే ఉద్దానం ప్రాంతంలో మాకు నాలుగెకరాల జీడితోట ఉంది. మూడు వేసవుల పిక్కల డబ్బులో ఇంటి ఖర్చు పోగా మిగిలింది నాన్న ఇనప్పెట్టెలో దాచారు. వ్యాపారి మనిషి తోట దగ్గరికే వచ్చి, 80 కిలోల బస్తా లెక్కన తూచి, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి వెళతాడు. రశీదు పేరుతో ఇచ్చేది సిగరెట్ పెట్టె అట్టముక్క. దాని మీద పెన్సిలుతో ‘పిక్కలు, 9 బస్తాలు’ అని రాసి, కింద ఒక అంకె వేస్తాడు. పేరు లేదు, తేదీ లేదు, సంతకం లేదు. అలాంటి అట్టముక్కలు మూడు నాన్న పట్టాదారు పాస్‌బుక్కులో భద్రంగా పెట్టుకున్నారు. వాటిని తీసుకెళ్లి బల్ల మీద పెడితే బ్యాంకు అధికారి నవ్వలేదు. అది ఆయన మంచితనం.

మొత్తం డబ్బు ఒకే రోజు ఖాతాలో వేయడం నా పొరపాటే. జీతం తప్ప వేరే జమ లేని ఖాతాలో ఒక్కసారిగా అంత నగదు పడితే ఎవరైనా అడుగుతారు. దొంగ సొమ్ము ఖాతాల్లో తెల్లబడకుండా చూడాల్సిన బాధ్యత 2002 నాటి చట్టం బ్యాంకుల మీద పెట్టింది. పైగా ఆ డబ్బు బయట వడ్డీకి తెచ్చిందైతే రెండు అప్పులూ నేను తీర్చలేను, ఆ అనుమానమూ న్యాయమే. నా బాధల్లా, దరఖాస్తు ఇచ్చిన రోజు ఈ సంగతి ఒక్కరూ చెప్పకపోవడం. అమ్మేవారికి లక్ష రూపాయల అడ్వాన్సు ఇచ్చేశాక, రిజిస్ట్రేషన్‌కు రెండు వారాలుందనగా అడిగారు. అదీ ఒక్కసారిగా కాదు. ఒక రోజు అడంగల్ (భూమి ఎవరిదో, అందులో ఏముందో చెప్పే రెవెన్యూ కాగితం), ఇంకో రోజు ఈ-పంట నమోదు (ఏ పొలంలో ఏ పంట ఉందో ప్రభుత్వం రాసుకున్న వివరం), మరో రోజు నాన్న ఖాతా వివరాలు. ఒక్కో కాగితానికీ సెలవు పెట్టి ఊరికి బస్సెక్కాను.

చివరికి నాన్న చేత దానపత్రం రాయించమన్నారు. తండ్రి కొడుక్కి ఎంత ఇచ్చినా కొడుక్కి పన్ను పడదు కనుక రాయడానికి ఇబ్బంది లేదు. కాని ‘ఈ సొమ్ము నాకు తిరిగి ఇవ్వనక్కరలేదు’ అన్న వాక్యం దగ్గర నాన్న కలం ఆగింది. ‘నేనెప్పుడు అడిగానురా?’ అన్నారు. (ఆదాయపు పన్ను చట్టంలో మేనమామ బంధువే గాని మేనమామ కొడుకు కాడు. అతను ఏడాదిలో 50 వేలు దాటి ఊరికే ఇస్తే పుచ్చుకున్నవారికి పన్ను పడుతుంది. ఆ బంధువుల జాబితా రాసినవారు మన పెళ్లి పిలుపులు ఎన్నడూ చూసి ఉండరు.)

సరిగ్గా అదే వారంలో అమ్మేవారి తరఫు మధ్యవర్తి నా దగ్గరికి వచ్చాడు. ‘కాగితం మీద 20 రాయిద్దాం, 8 చేతికివ్వండి, మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది’ అన్నాడు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని 2015 జూన్ 1 నుంచి చట్టం ఉంది. పుచ్చుకున్నవారికి అంతకు అంత జరిమానా. ఆ మాట చెబితే అతను నా వంక జాలిగా చూశాడు. నేను ఒప్పుకోకపోవడానికి ధర్మబుద్ధి ఒక్కటే కారణం కాదు. కాగితం మీద 20 ఉంటే బ్యాంకు ఇచ్చేది 16 లక్షలు. మిగిలిన 12 నేనెక్కడ తేను? తేగలిగినవాడు ఆ 8 లక్షలు సంచిలో పెట్టి ఇచ్చేస్తాడు. ఏ ఖాతాలోనూ కనబడదు కనుక ఎక్కడిదని ఎవరూ అడగరు. ఉన్నదంతా తెచ్చి బ్యాంకులో వేసినవాడు మాత్రం అట్టముక్కలు పట్టుకుని తిరగాలి.

సొంత వాటాకు ఏయే కాగితాలు కావాలో తెలుగులో ఒక పేజీ అచ్చువేసి, దరఖాస్తుతో పాటే చేతిలో పెడితే బ్యాంకులకు పోయేదేమీ లేదు. రైతు కుటుంబమైతే పాస్‌బుక్కు, ఈ-పంట నమోదు, ఇచ్చినవారి రాతపూర్వక ప్రకటన చాలునో చాలదో అందులోనే తేల్చాలి. తోట దగ్గర కొనే ప్రతి బస్తాకూ బిల్లు రాయించవలసింది మార్కెటింగ్ శాఖ. రిజిస్ట్రేషన్ విలువకూ బజారు ధరకూ మధ్య ఉన్న సందులోంచే సంచులు చేతులు మారుతున్నాయని రిజిస్ట్రేషన్ శాఖకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఈ వేసవిలో నాన్న బిల్లు అడిగారు. ఇస్తాను గాని బస్తాకు రెండు వందలు తగ్గుతుంది, అన్నాడట వ్యాపారి మనిషి.

– ఒక ప్రైవేటు కళాశాల అధ్యాపకుడు, శ్రీకాకుళం