వేరుశనగ పరిశోధన డేటా, కోడ్ కూడా అందరికీ ఇవ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

అనంతపురం నుంచి ఒక స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను అమెరికాలోని లైగో అనే పరిశోధనా కేంద్రం వాళ్లు 2015 సెప్టెంబరులో పట్టుకున్నారు. 2016 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించినప్పుడు పేపర్‌తో పాటు డేటానూ, దాన్ని విశ్లేషించే పైథాన్ ప్రోగ్రాములనూ అందరికీ ఇచ్చేశారు. మా పిల్లలు కాలేజీ ల్యాబ్‌లో కూర్చుని ఆ గ్రాఫును మళ్లీ గీయగలుగుతున్నారు.

అదే పిల్లలు మన జిల్లా వేరుశనగ మీద వచ్చిన ఒక థీసిస్ తీసుకున్నారు. వాన ఆలస్యమైన ఏడాది విత్తే తేదీని బట్టి దిగుబడి ఎలా మారిందో సరిచూద్దామనుకున్నారు. కుదరలేదు. థీసిస్ శోధ్‌గంగలో, అంటే దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లను ఉంచే వెబ్‌సైటులో ఉంది, ఎవరైనా చదవచ్చు. సగటులున్నాయి, పట్టికలున్నాయి. ఆ సగటులు ఏ అంకెల నుంచి వచ్చాయో ఆ అంకెలు లేవు. లెక్కగట్టిన కోడ్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాము, లేదు. వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఉంది, అది మా కాలేజీ కొనలేనిది. పంట గురించి అంతా చెప్పి విత్తనం మాత్రం దాచుకున్నట్టుంది. రాసిన స్కాలర్‌ను నేను తప్పుపట్టను. థీసిస్ శోధ్‌గంగలో పెట్టాలని యూజీసీ నిబంధన చెప్పింది కాబట్టి పెట్టారు, డేటా కోడ్ ఇమ్మని ఎవరూ అడగలేదు. కానీ దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన మా దగ్గర, శనక్కాయ ఎప్పుడు విత్తాలన్నది రైతు అప్పుతో ముడిపడిన ప్రశ్న. ఆ లెక్కను ఇంకొకరు సరిచూసే వీలుండాలి.

కేంద్రం 2024 నవంబరులో 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్'కు ఆమోదం తెలిపి, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుతున్నాయి. మంచిదే. అయితే అది చదువుకునే హక్కు మాత్రమే, అదీ డబ్బు కట్టినంత కాలమే.

సాఫ్ట్‌వేర్ రాసి అందరికీ ఇచ్చే ఓపెన్ సోర్స్ వాళ్లు ఇంతకంటే చాలా దూరం వెళ్లారు. వాళ్ల దగ్గర సోర్స్ కోడ్ చేతికిస్తారు. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులో రాసిస్తారు. గిట్ లాంటి పనిముట్లతో ఏ వరుసను ఎవరు ఎప్పుడు మార్చారో నమోదవుతుంది. తప్పు కనిపిస్తే అందరి ముందే చెబుతారు, అందరి ముందే దిద్దుతారు. పరిశోధనకు కావలసింది సరిగ్గా ఈ పద్ధతే. ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో దేశాల అప్పుల మీద రాసిన పేపర్‌ను ప్రభుత్వ ఖర్చులు తగ్గించాలన్న నాయకులు ఎందరో ఉదహరించారు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి వాళ్లను అడిగి ఎక్సెల్ షీటు తెప్పించుకుని చూస్తే, ఒక సగటులో ఐదు దేశాలు లెక్కలోకే రాలేదని తేలింది. ఆ షీటు మొదటి రోజే పేపర్ పక్కన ఉండి ఉంటే మూడేళ్లు పట్టేదా?

నేను క్లాసులో నేర్పే, గణాంకాలు లెక్కగట్టే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాష కూడా న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అనే ఇద్దరు అధ్యాపకుల చేతిలో పుట్టింది. 1995లో దాన్ని జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో ఇచ్చేశారు కాబట్టే ఈ రోజు అనంతపురంలో పైసా ఖర్చు లేకుండా నేర్పగలుగుతున్నాను. అలాంటి పని మన యూనివర్సిటీల్లో ఎవరైనా చేస్తే, దాన్ని పేపర్‌తో సమానంగా పదోన్నతిలో లెక్కించే ఏర్పాటు ఉండాలి. లేకపోతే కోడ్‌ను శుభ్రంగా రాసి, వివరాలు జతచేసి, పదిమందికి ఇచ్చే ఓపిక ఎవరికుంటుంది?

నా విన్నపం పెద్దదేమీ కాదు. రాష్ట్ర నిధులతో జరిగే ప్రతి పరిశోధనలోనూ థీసిస్‌తో పాటు డేటా, కోడ్ సమర్పించాలని ఆదేశించండి. వాటికి తప్పకుండా లైసెన్స్ ఉండాలి. లైసెన్స్ లేకుండా నెట్‌లో పెట్టిన కోడ్ మీద కాపీరైట్ అలాగే ఉంటుంది, దాన్ని మార్చి వాడుకోవడానికి ఎవరికీ హక్కు రాదు. రోగుల వివరాలు, రైతుల పేర్లు తీసేయాలి, అందులో రాజీ వద్దు. ముందే డేటా ఇచ్చేస్తే ఇంకొకరు పేపర్ వేసుకుంటారేమోనని స్కాలర్లకు ఉండే టెన్షన్ నిజమైనదే. అందుకే డిగ్రీ వచ్చాక ఒక ఏడాది గడువివ్వండి, డేటా వాడుకున్నవాళ్లు ఆ స్కాలర్ పేరు చెప్పి తీరాలన్న షరతు పెట్టండి.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమనుకుంటే మా దగ్గర మొదలుపెట్టండి. అనంతపురంలో జేఎన్‌టీయూ ఉంది, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ఉంది. పక్క జిల్లా కదిరిలో వేరుశనగ రకాలకు పేరుపడ్డ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అది వ్యవసాయ శాఖ పరిధిలోనిది కాబట్టి ఆ మంత్రి గారితో మీరు మాట్లాడాలి. ఈ విద్యా సంవత్సరం రిజిస్టర్ అయ్యే స్కాలర్ల నుంచే ఈ నియమం అమలు చేయవచ్చు. డేటాను ఎలా సర్దాలో, కోడ్ ఎలా రాయాలో వాళ్లకు సెలవు రోజుల్లో నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

భవదీయుడు,
స్టాటిస్టిక్స్ అధ్యాపకుడు,
అనంతపురం