కర్నూలును 1800లో ఎవరూ ధారపోయలేదు

సంపాదకుల వారికి,

మొన్న మీ జిల్లా అనుబంధంలో వచ్చిన సీమ చరిత్ర వ్యాసం చదివాను. 1800లో నిజాం కర్నూలుతో సహా నాలుగు జిల్లాలనూ ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడని రాశారు. కర్నూలు విషయంలో అది తప్పు. (అసలు అనంతపురం జిల్లా 1882 దాకా పుట్టనేలేదు, అది వేరే సంగతి.)

మాది పత్తికొండ. కర్నూలులో సాంఘికశాస్త్రం పంతులుగా పనిచేసి ఇక్కడే స్థిరపడ్డాను. రెండూ ఇవాళ ఒకే జిల్లాలో ఉన్నాయి గానీ, అప్పట్లో దొరతనాలు వేరు. నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో పత్తికొండ ఉంది. కాబట్టి మాకు దొర అప్పటి కలెక్టరు థామస్ మన్రో. మద్రాసు గవర్నరయ్యాక పర్యటనకొచ్చి 1827 జులై 6న కలరాతో మా ఊళ్లోనే పోయాడు. మొదట గుత్తిలో పూడ్చారు, తర్వాత మద్రాసు తీసుకుపోయారు. మా వైపు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు.

అదే నాటికి కర్నూలు కోటలో ఉన్నది నవాబు గులాం రసూల్ ఖాన్. 1800లో కర్నూలుకు సంబంధించి చేతులు మారింది నవాబు కట్టే పేష్కష్, అంటే కప్పం ఒక్కటే. అదివరకు నిజాముకు కట్టేవాడు, అప్పట్నించి కంపెనీకి. ఊరు, కోట నవాబు చేతిలోనే ఉండిపోయాయి. 1839లో ఆయుధాలు, మందుగుండు పోగేశాడని కంపెనీ దండు దిగింది. నవాబును తిరుచిరాపల్లికి పంపారు, మరుసటేడు అక్కడే హత్యకు గురయ్యాడు. నా లెక్కన కర్నూలులో దొరల పాలన మొదలైంది అప్పుడు.

మీ వ్యాసం విజయనగరం తర్వాత నేరుగా ఇంగ్లీషువాళ్లకు దూకేయడం కూడా నాకు నచ్చలేదు. బిజాపూరు తరఫున ఏలిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి హంద్రీ ఒడ్డున అంత గుమ్మటాలతో నిలబడి ఉంది కదా, దాన్నెక్కడ పెడతారు? ఔరంగజేబు వచ్చాక పాతుకుపోయిన పన్నీ పఠాన్ నవాబులెక్కడ?

ఇంకోటి. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన కోయిలకుంట్ల అప్పుడు కడప జిల్లాలోది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పాటు చేస్తూ కోయిలకుంట్లను, బళ్లారి నుంచి మా పత్తికొండను తెచ్చి కలిపారు. బనగానపల్లె మాత్రం 1948 దాకా తన నవాబుతోనే ఉంది, చుట్టూ ఇంగ్లీషు రాజ్యం, నడుమ మామిడితోటల సంస్థానం. 2022లో కోయిలకుంట్ల, బనగానపల్లె నంద్యాల జిల్లాకు పోయాయి.

గ్రూప్స్‌కు చదివే పిల్లలు మీ పేజీలు కత్తిరించి దాచుకుంటారు. వచ్చే అనుబంధంలో సవరణ వేయండి. తాలూకాలవారీగా ఏ ఏట ఎవరి కింద ఉన్నదో చూపే పటం ఒకటి గీయిస్తే ఇంకా మేలు. కావాలంటే నేను గీసుకున్నది పంపిస్తాను, తరగతి గోడమీద వేలాడి అంచులు చిరిగాయి గానీ గీతలు స్పష్టంగానే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు