ఇద్దరికి రుచి చూసి 18 మందికి బుక్ చేశాను

మొన్న శనివారం సెంట్రల్ లండన్‌లో మన నెలవారీ భోజనానికి వచ్చిన 18 మందికీ, రాలేక "ఎలా జరిగింది?" అని అడుగుతున్న మిగతావాళ్లకీ కలిపి ఇది రాస్తున్నాను. బాగా జరగలేదు. మీరంతా మర్యాదస్తులు కాబట్టి బయటికి వచ్చేటప్పుడు "పర్లేదండీ, సరదాగా గడిచింది" అన్నారు. పర్లేదు అనుకోవడానికి మీరు నాకు కట్టింది తలా 70 పౌండ్లు.

మనం వెళ్లిన మలేషియా రెస్టారెంట్ పేరు ఇక్కడ రాయను. వాళ్లతో నా లెక్క నేను చూసుకుంటాను. ఇక్కడ చెప్పాల్సింది నా వైపు తప్పు.

రెండు నెలల కింద ఒక మంగళవారం మధ్యాహ్నం నేనూ మా ఆయనా అక్కడికి వెళ్లాం. హాలు సగం కూడా నిండలేదు. మెనూ చూసి నచ్చినవి ఆర్డర్ ఇచ్చాం. రోటీ చనాయ్ పొరలు పొరలుగా విడిపోతూ, పొగలు కక్కుతూ వచ్చింది. మన పరోటాకి చుట్టమే కదా, అలా వస్తే ఎవరు కాదంటారు! చార్ క్వే తియావ్‌లో, అంటే పెద్ద మంట మీద వేయించిన వెడల్పాటి బియ్యపు నూడుల్స్‌లో, ఆ మూకుడు సెగ వాసన ముక్కుకి తగిలింది. అక్కడికక్కడే మేనేజర్‌తో మాట్లాడేశాను. 8 మంది దాటితే సెట్ మెనూయే తీసుకోవాలి, మనిషికి 20 పౌండ్లు ముందే కట్టాలి అన్నారు. ఒప్పుకున్నాను. ఆ సెట్ మెనూ మాత్రం ఒక్కసారి కూడా తిని చూడలేదు. నలుగురికి వండిన చేత్తోనే నలభై మందికి వండితే కూర ఎలా మారిపోతుందో తెలిసినదాన్నే. ఆ రోజు రోటీ మీద మోజులో అది గుర్తు రాలేదు.

ఇక శనివారం. మనం బుక్ చేసుకున్నది 7:30కి. మొదటి ప్లేటు వచ్చేసరికి 8:20. అది కూడా సాటే (పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు), నలుగురికి 4 పుల్లలు. రోటీ చల్లారిపోయి తోలులా సాగింది. చార్ క్వే తియావ్ గురించి ఒక మాట. ఆ వంటకం ప్రాణమంతా మంటలో ఉంటుంది. బాగా కాలిన మూకుట్లో ఒకటి రెండు ప్లేట్లకి సరిపడా నూడుల్స్ మాత్రమే వేసి, గబగబా తిప్పి తీసేయాలి. ఒకేసారి కుప్ప పోస్తే మూకుడు చల్లబడుతుంది, నూడుల్స్ వేగడం మానేసి ఉడకడం మొదలుపెడతాయి. మన బల్ల మీదకి వచ్చింది అలా ఉడికిపోయిన ముద్దే.

రెండాంగ్ సంగతి మీలో చాలామంది అడిగారు. మనలో బీఫ్ తిననివాళ్లు ఎక్కువ కాబట్టి చికెన్ రెండాంగ్ చెప్పాను. అసలు రెండాంగ్ అంటే కొబ్బరిపాలలో మసాలా ముద్దతో మాంసాన్ని సన్నని సెగ మీద ఇగర పెట్టడం. పాలు విరిగి నూనె తేలి, ఆ నూనెలోనే ముక్క వేగాలి. మలేషియాలో చివర్లో వేయించి నూరిన కొబ్బరి కూడా కలుపుతారు. కోడి గొడ్డుమాంసంలా గంటల తరబడి ఉడకదు, కాబట్టి కాస్త గ్రేవీ ఉంటే తప్పు పట్టను. (2018లో ఇక్కడి ఒక టీవీ వంటల పోటీలో చికెన్ రెండాంగ్‌కి తోలు కరకరలాడట్లేదని వంక పెట్టి, జడ్జీలు మలేషియా మొత్తంతో చీవాట్లు తిన్నారు. ఆ వరసలో నేను చేరను.) కానీ మనకి వచ్చింది గ్రేవీ కూడా కాదు, పులుసు. మనతో వచ్చిన, మలేషియాలోని ఇపో ఊళ్లో పుట్టిన తెలుగు ఆంటీ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, గిన్నె నా వైపు జరిపి, "ఇంకో గంట పొయ్యి మీద ఉంచమ్మా" అన్నారు. అందరం నవ్వాం. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇవన్నీ రుచి సంగతులు. శాకాహారుల బల్ల దగ్గర జరిగింది వేరు, దానికి నవ్వు లేదు.

5గురు శాకాహారులు ఉన్నారని నేను ఈమెయిల్‌లో రాశాను, రెస్టారెంట్ వాళ్లు సరేనన్నారు. కొబ్బరిపాల అన్నం, టోఫు, వేయించిన కూరగాయలు పెట్టి పక్కన చిన్న గిన్నెలో సంబల్, అంటే మిరపకాయల పచ్చడి, ఇచ్చారు. వాసన తేడాగా ఉందని ఒకరు అడిగితే, వడ్డించే అబ్బాయి "వెజిటేరియనే" అన్నాడు. నేను మేనేజర్‌ని పిలిచాను. ఆయన వంటింట్లోకి వెళ్లి పది నిమిషాలకి వచ్చి, అందులో బెలాచాన్ ఉందని చెప్పారు. బెలాచాన్ అంటే చిన్న రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ఆరబెట్టిన ముద్ద. మలేషియా వంటలో మనకి ఇంగువలా అన్నమాట, చిటికెడు పడితే చాలు, కంటికి కనపడదు. నాసి లెమాక్ (ఆ కొబ్బరిపాల అన్నమే) సంబల్‌లో అయితే ఎండు నెత్తళ్లు కూడా వేస్తారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. అప్పటికే ఇద్దరు తినేశారు. అందులో ఒకరు జన్మలో గుడ్డు కూడా ముట్టనివాళ్లు. ఆవిడ ఏమీ అనలేదు, చేతులు కడుక్కుని వచ్చి మంచినీళ్లు తాగుతూ కూర్చున్నారు. ఆ మొహం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

బ్రిటన్‌లో ఏ రెస్టారెంట్ అయినా 14 రకాల అలర్జీ పదార్థాల వివరం అడిగినవాళ్లకి చెప్పి తీరాలి. రొయ్య జాతి, చేప రెండూ ఆ 14లో ఉన్నాయి. మేనేజర్ ఆ కాగితం తెచ్చి చూపిస్తే సంబల్ ఎదురుగా రెండింటికీ టిక్ ఉంది. వారం ముందు ఆ ఒక్క కాగితం అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. "శాకాహారులు" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాను. ఆ ఒక్క మాటలో రొయ్యల ముద్ద సంగతి కూడా వంటవాళ్లకి అర్థమైపోతుందనుకోవడం నా తెలివితక్కువతనం.

బాగున్నవి రెండే, చెండోల్ (కొబ్బరిపాలు, తాటిబెల్లం, మంచుతో చేసే తీపి), టీ.

ఇప్పుడు లెక్క. మీ దగ్గర తీసుకున్నది 1,260 పౌండ్లు. సెట్ మెనూ మనిషికి 58 చొప్పున 1,044. దాని మీద 12.5 శాతం సర్వీస్ ఛార్జీ 130.50 వేశారు. అది ఐచ్ఛికమే, తీసేయమంటే తీసేశారు. కానీ 2024 అక్టోబర్ నుంచి ఉన్న చట్టం ప్రకారం ఆ డబ్బు మొత్తం పనిచేసే పిల్లలకే వెళ్లాలి. వంటింటి తప్పుకి ఆ రాత్రంతా పరుగులు పెట్టిన పిల్లల జేబు కొట్టడం మనసొప్పక, నా సొంతంగా 40 పౌండ్లు వాళ్ల చేతిలో పెట్టాను. ఇది మీ లెక్కలోకి రాదు.

5గురు శాకాహారులకి కట్టిన 70 పౌండ్లూ తిరిగి ఇస్తున్నాను. మిగతా 13 మందికి తలా 25. మొత్తం 675. మీ డబ్బులో నా దగ్గర మిగిలింది 216, తక్కిన 459 నేను వేసుకుంటాను. దీనివల్ల నా వ్యాపారం మునిగిపోదు, కంగారు పడకండి. కాకపోతే కొత్త బోర్డు చేయించుకోవడం ఇంకో ఏడాది వాయిదా.

రెస్టారెంట్ వాళ్లు వచ్చే సారికి 20 శాతం తగ్గింపు కూపన్లు ఇస్తామన్నారు. మీ తరఫున వద్దన్నాను. ఎవరికైనా కావాలంటే చెప్పండి, అడిగి ఇప్పిస్తాను.

వచ్చే నెల భోజనం రద్దు చేశాను. ఆ తర్వాతది 10 మందికి మించి ఉండదు, అదీ సెట్ మెనూ పెట్టని చోటే. బేస్‌వాటర్ వైపు చిన్న మలేషియా హోటళ్లు కొన్ని చూస్తున్నాను. తెల్ల గుడ్డ పరిచిన బల్లలు ఉండవు, కుర్చీలు కూడా ఇరుకే. ఈసారి శనివారం రాత్రి రద్దీలోనే వెళ్లి తిని చూస్తాను, ఆరుగురితో. ఇపో ఆంటీ వస్తానన్నారు.

డబ్బు శుక్రవారం లోపు మీరు కట్టిన ఖాతాకే పడుతుంది. వచ్చే నెలకి ముందే కట్టినవాళ్లు 4గురు ఉన్నారు, వాళ్లది కూడా అదే రోజు. శనివారానికి కూడా రాకపోతే మొహమాటపడకుండా ఫోన్ చేయండి.