నిధి వేట పుస్తకం మారుస్తున్నాను, పాతది తెచ్చివ్వండి

ఒడిశాలోని మన పర్లాకిమిడిలో మా స్టేషనరీ షాపులో నిధి వేట పుస్తకం కొన్న మీ అందరికీ నమస్కారం.

పొడుపు కథలు విప్పుకుంటూ ఊళ్లో ఏడు చోట్లు కనిపెట్టే ఆ పుస్తకాన్ని ఈ వారం నుంచి అమ్మడం ఆపేశాను. గైడు అక్కర్లేదు, మీకు వీలైనప్పుడు మీరే తిరగొచ్చని చెప్పి 120 రూపాయలకి అమ్మాను. తీరా చూస్తే చాలామంది మూడో చోటు దాటలేదట. లోపం పుస్తకంలోనే ఉంది.

మొన్న ఆదివారం ఒక మామ్మగారు, మనవరాలు మా షాపు ముందే ఆగిపోయారు. ఆ పాప ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతుంది, కానీ బళ్లో నేర్చుకునేది ఒడియా అక్షరాలు. అందుకని మామ్మగారే చదివి వినిపిస్తున్నారు: "శ్వేతపక్షి రూపము శృంగమున వెలయు తావేది?" పాప "అంటే ఏంటి మామ్మా?" అంది. ఆవిడ ఇంకోసారి చదివారు. తర్వాత పుస్తకం మూసేసి, "ఇంటికి పోదాం పదమ్మా" అన్నారు. వాళ్లు వెతుకుతున్నది కొమ్ముతో కొంగ బొమ్మలు చేసే ఇల్లు. పక్క వీధిలోనే ఉంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో టీచరుగా చేరింది ఈ ఊరి రాజావారి స్కూల్లోనే. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన అన్నేళ్లు పోరాడారు. ఆయన పేరు మీద ఒక పొడుపు కథ పెట్టి, దాన్ని కూడా గ్రంథాల భాషలోనే రాశాను. అది చాలా పెద్ద తప్పు.

కొత్త పుస్తకంలో ఆ ప్రశ్న ఇలా ఉంటుంది: "కొమ్ముని కొంగని చేసే ఇల్లు ఎక్కడుంది?" కింద అదే తెలుగు వాక్యం ఒడియా అక్షరాల్లో కూడా ఉంటుంది. పిల్లలు వాళ్లకొచ్చిన అక్షరాలతోనే వాళ్ల ఇంటి మాట చదువుకోవాలని నా ఆశ. ఆ ఆలోచన కూడా పంతులు గారి దగ్గర నేర్చుకున్నదే. ఆయన ఇక్కడి కొండల్లో ఉండే గిరిజనులైన సవరల భాష నేర్చుకుని, వాళ్ల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు. మొత్తం ఒడియాలోకి మార్చెయ్యమని కొందరు సలహా ఇచ్చారు. ఒడియా పుస్తకం వేరేగా వేస్తాను. తెలుగుది మాత్రం తీసెయ్యను.

కొమ్ము పని చేసే ఆయనకి కూడా నావల్ల నష్టం జరిగింది. కొమ్ముని సెగ మీద వేడిచేస్తే మెత్తబడుతుంది. అలా మెత్తగా ఉన్న కాసేపట్లోనే వంపు తిప్పాలి. సరిగ్గా అప్పుడే ఒక కుటుంబం గుమ్మంలోకొచ్చి "మా జవాబు కరెక్టేనా?" అని అడిగారు. ఆయన తలెత్తి సమాధానం చెప్పేలోగా కొమ్ము చల్లారిపోయింది, కొంగ మెడ వంకరగా ఉండిపోయింది. వాళ్లని అనడానికేమీ లేదు, అడగమని పుస్తకంలో రాసింది నేనే. ఆ బొమ్మ ఖరీదు ఆయనకిచ్చి, బొమ్మ షాపులో పెట్టుకున్నాను. ఇకమీదట సెగ వెలుగుతుంటే గుమ్మం బయటే ఆగండి. జవాబు పుస్తకం చివరి పేజీలో ఉంటుంది.

రైల్వే స్టేషన్ ప్రశ్న పూర్తిగా మార్చేశాను. నౌపడ నుంచి మన ఊరికి 1900లో వచ్చిన చిన్న రైలు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులే. ఇప్పటి బ్రాడ్‌గేజి అయిదున్నర అడుగులు. తేడా కళ్లతో చూడమని రాస్తే, ఒక బాబు ప్లాట్‌ఫారం అంచు మీంచి వంగాడట. వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి చెప్పినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఇప్పుడు పుస్తకంతో ఇచ్చే కవర్లో రెండు పురికొసలు పెడుతున్నాను, ఒకటి రెండున్నర అడుగులు, ఇంకోటి అయిదున్నర. స్టేషన్ బయట ఖాళీ నేల మీద పక్కపక్కన పరిచి చూడండి. చిన్నదాని పక్కన మా అమ్మాయి పడుకుంటే కాళ్లు బయటికొచ్చాయి, "ఇంతేనా రైలు!" అంది.

రెండు చోట్ల షాపు బోర్డులు గుర్తుగా పెట్టాను. ఒకటి రంగు మారింది, ఒకటి తీసేశారు. బోర్డుల మీద ఆధారపడ్డ ప్రశ్నలన్నీ తీసేశాను.

పురికొసలు, ఎక్కువ పేజీలు కలిసి కొత్తది 150 అవుతుంది. పాతది కొన్నవాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదు. చిరిగినా, పిల్లలు గీతలు గీసినా ఫర్వాలేదు, తెచ్చిచ్చి కొత్తది పట్టుకెళ్లండి. పాతపట్నం వైపు నుంచి వచ్చేవాళ్లు ముందురోజు ఒక ఫోన్ చేస్తే తీసిపెడతాను. మొన్నటి మామ్మగారు ఇది చూస్తే పాపని తీసుకుని మళ్లీ రండి, మీ పుస్తకం పక్కన పెట్టి ఉంచాను.