కాఫీ పేకెట్టు మీద చికోరీ శాతం పెద్దక్షరాల్లో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కాఫీ ధరల మీద మీ పత్రికలో వస్తున్న వార్తలు చదువుతున్నాను. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానల్లేక పంట దెబ్బతినడం, 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా రకం కాఫీ గింజల ధర పౌనుకు 4 డాలర్లు దాటడం, ఇవన్నీ తెలిసినవే. ఆ పెరిగిన ధర కిరాణా కొట్టు దాకా వచ్చాక ఏమవుతుందో మాత్రం ఎక్కడా చదవలేదు. విజయనగరంలో మాది చిన్న కొట్టు. మా మామగారి తర్వాత నేనే చూసుకుంటున్నాను. ఎవరు ఏ పేకెట్టు తీసుకుంటున్నారో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

ధర పెరిగిందని కాఫీ మానేసినవాళ్లు మా వీధిలో దాదాపు లేరు. వాళ్లు తాగే కాఫీ మారింది. సీసా కొనేవాళ్లు పేకెట్టుకి వచ్చారు, పేకెట్టు కొనేవాళ్లు సాషేలకి వచ్చారు. అచ్చం కాఫీ పొడి పట్టుకెళ్లేవాళ్లు చికోరీ అనే దుంప పొడి కలిపినదానికి, అందులోనూ ఎక్కువ కలిపినదానికి అలవాటు పడ్డారు. చాలామందికి ఈ మార్పు జరిగినట్టే తెలీదు. వాళ్లు చూసేది ధర, ఆఫరు.

ఆఫర్ల సంగతి చెప్పాలి. సేల్స్‌మాన్ వచ్చి ఈ నెల స్కీం ఉందంటాడు. పేకెట్టుతో గాజు గ్లాసో, స్టీలు చెంచానో, ప్లాస్టిక్ డబ్బానో ఫ్రీ. ఎక్కువ సరుకు దించుకుంటే మాకూ తగ్గింపు. ఆ పేకెట్లు గల్లా పక్కన, వచ్చినవాళ్ల కంటికి ఎదురుగా పెట్టమంటాడు. పెడతాం, మా కొట్లు నడిచేది ఆ మార్జిన్ మీదే. ఇక చూడండి, "గ్లాసొచ్చే పేకెట్టు ఉందేటమ్మా?" అని అడుగుతారు గానీ అది ఏ కాఫీ అని అడగరు. అరడజను గ్లాసులు పూర్తయ్యేదాకా అదే కొని, ఆ తర్వాత వేరే కంపెనీ స్కీముకి వెళ్లిపోయేవాళ్లున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. నెల ఖర్చులోనే ఇంటికి ఒక వస్తువు అదనంగా వస్తుందంటే ఎవరికైనా ఆశ ఉంటుంది. ఆ వస్తువు పక్కన చదవాల్సిన అంకె ఒకటుంది, అది కనబడటం లేదన్నదే నా బాధ.

చికోరీ కల్తీ కాదు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండే దుంప అది. దాన్ని ఎండబెట్టి, వేయించి పొడి చేస్తారు. డికాషన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. ఆ రుచే ఇష్టమైనవాళ్లు మన దగ్గర చాలామంది. చట్టం కూడా ఒప్పుకుంటుంది. కాకపోతే మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంతో పేకెట్టు మీద రాయాలి. అందుకే బజార్లో 80-20 (80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ) నుంచి 53-47 దాకా రకరకాల పొడులు దొరుకుతాయి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. 53-47 పొడి అర కిలో 300 రూపాయలు, 80-20 పొడి అర కిలో 400 రూపాయలు అనుకుందాం. మొదటిది వంద రూపాయలు చవక, పైగా గ్లాసు. కానీ దాంట్లో కాఫీ 265 గ్రాములు, రెండోదాంట్లో 400 గ్రాములు. వంద గ్రాముల కాఫీకి మొదటిదానికి 113 రూపాయలు పడింది, రెండోదానికి 100. చవక అనుకుని తీసుకున్నదే ఎక్కువ ధర. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే మా కొట్టుకొచ్చే ఆడవాళ్లకి వెంటనే అర్థమైంది. కొందరు పేకెట్టు మార్చారు. ఇంకొందరు "మాకు ఆ చిక్కదనమే కావాలమ్మా" అని పాతదే తీసుకెళ్లారు. అదీ మంచిదే, తెలిసి కొన్నారు.

జనం ధర పట్టించుకోరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2025 సెప్టెంబరు 22న ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు పాత రేటు వేసిన పేకెట్టు చూపించి నన్ను నిలదీసినవాళ్లు వీళ్లే. టీవీలో చెప్పారు కాబట్టి తెలిసింది. చికోరీ శాతం ఎవరు చెబుతారు?

అందరికంటే నష్టపోయేది సాషే కొనేవాళ్లు. కూలికి వెళ్లేవాళ్లు పొద్దున్నే రెండు సాషేలు చింపించుకు వెళతారు. రెండు రూపాయల సాషే ఎప్పుడూ రెండు రూపాయలే కాబట్టి గింజల ధర పెరిగితే తగ్గేది లోపలి పొడి. పెద్ద పేకెట్లకి గ్రాము ధర ముద్రించాలన్న నియమం వచ్చింది, సంతోషం. పది గ్రాముల లోపు పేకెట్లకు మాత్రం మినహాయింపు. చేతిలో డబ్బు తక్కువున్న మనిషికే సమాచారమూ తక్కువ ఇవ్వడం ఏం న్యాయం?

ఇంకో మాట. మాకు దగ్గర్లోనే, అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల మీద గిరిజన రైతులు అరబికా పండిస్తున్నారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో దుకాణం ఉంది. మా కొట్లో ఆ పేకెట్టు చేతిలోకి తీసుకుని, రేటు చూసి, తిరిగి పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఒక పండక్కి నేనే డికాషన్ తీసి వచ్చినవాళ్లకి తలా కొంచెం కాఫీ ఇచ్చాను. ఆ రోజు పెట్టినవన్నీ అమ్ముడయ్యాయి. రుచి చూపించడాన్ని మించిన ఆఫరు లేదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

కాబట్టి తూనికలు, కొలతల శాఖకూ ఆహార భద్రతా అధికారులకూ నా విన్నపం. కాఫీ, చికోరీ శాతాలు పేకెట్టు ముందువైపు, ధర అంత పెద్ద అంకెల్లో, తెలుగులో వేయించండి. సాషేకూ అదే నియమం పెట్టండి. సూపర్ మార్కెట్లలో ఆఫర్ బోర్డు పెట్టినచోట ఆ శాతం కూడా రాయించండి. అరకు కాఫీ అమ్మే గిరిజన సహకార సంస్థ వారు పండగలకి మా లాంటి చిన్న కొట్లకు రుచి చూపించడానికి కొంత పొడి విడిగా ఇస్తే, డికాషన్ తీసి పెట్టే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఓ కిరాణా కొట్టు యజమానురాలు,
విజయనగరం.