మా అవ్వ పుస్తకాలు గోతాల్లోంచి ఎప్పుడు బయటికొస్తాయి సార్?

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

సార్, మా ఊరి శాఖా గ్రంథాలయానికి తాళం పడిన సంగతి మీ దాకా వచ్చే ఉంటుంది. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీలిచ్చాం, పైఆఫీసుకు రిజిస్టర్ పోస్టులో పంపాం, ఆన్‌లైన్‌లోనూ పెట్టాం. చివరికి ఫోన్‌కి వచ్చింది ఒక మెసేజ్, మీ సమస్య పరిష్కరించబడింది అని. తలుపుకు తాళం మాత్రం అలాగే ఉంది సార్. ఏం పరిష్కరించారో కనీసం అదైనా ఎవరితోనైనా చెప్పించండి.

ఆ తాళం వెనక మా అవ్వ పుస్తకాలున్నాయి. అందుకే ఊరుకోలేకపోతున్నా.

అవ్వ ఆదోని పక్క పల్లెల్లో ఎలిమెంటరీ టీచరుగా చేసింది. చదువు మధ్యలో ఉండగానే పెళ్లి చేసేశారు, అయినా ట్రైనింగ్ పూర్తిచేసి ఉద్యోగం తెచ్చుకుంది, 1982లో ఓపెన్ యూనివర్సిటీ పెట్టాక ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూనే డిగ్రీ కట్టి పాసైంది. కన్నడ అక్షరాలు మనవాటికి దగ్గరే కదా అని రిటైరయ్యాక కన్నడ కూడా నేర్చుకుంది. జీతం రాగానే కర్నూలుకు బస్సెక్కి పుస్తకాలు తెచ్చుకునేది. ప్రతి పుస్తకానికీ పాత క్యాలెండర్ కాగితంతో అట్ట, ఊడిన చోట మైదా బంక, మధ్యమధ్యలో ఎండిన వేపాకు, మొదటి పేజీలో కొన్న తేదీ, ధర. చూపు తగ్గాక భూతద్దంతో చదివింది, అదీ కుదరనప్పుడు మాతో చదివించుకునేది. ఒక్క ఒత్తు జారినా ఆపి, ఆ వాక్యం మళ్లీ మొదట్నుంచి చదవమనేది. అప్పుడు విసుక్కునేవాళ్లం కానీ ఈ రోజు నేను ఈ ఉత్తరం రాయగలుగుతున్నానంటే ఆ విసుగు వల్లే.

మా వైపు సుగ్గి, అంటే కూలి పనులకు వలస పోవడం, మీకు తెలియంది కాదు. మిరపకాయల కోతలకు ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు పోతారు, పిల్లలూ వెంటపోతారు, తిరిగొచ్చేసరికి క్లాసులో పాఠాలు దాటిపోయి ఉంటాయి. అలాంటి పిల్లల్ని అవ్వ సాయంత్రాలు లైబ్రరీలో కూర్చోబెట్టి, బొమ్మల పుస్తకం ముందుపెట్టి, చదవమనకుండా ముందు కథ చెప్పమనేది. నెల తిరిగేలోపు వాళ్లే కూడబలుక్కుని చదివేవాళ్లు. బడి మానేద్దామనుకున్న ఆడపిల్లలు అలా ఎంతమంది నిలబడ్డారో మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు వస్తే ఇక అవ్వను పట్టలేం. గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన కర్నూలులో పుట్టినాయన, 1908లో పత్రికలో రాసినందుకు జైలుకు పోయొచ్చాడు, ఊరూరా గ్రంథాలయాలుండాలని, పెద్దవాళ్లూ చదువుకోవాలని తిరిగాడు అని పిల్లలకు చెప్పేది. ఆయన పుట్టిన గడ్డ మీద ఒక లైబ్రరీకి తాళం పడితే అడిగేవాళ్లే లేరా సార్?

పోయే ముందు తన పుస్తకాలన్నీ ఆ గ్రంథాలయానికే రాసిచ్చింది. ఇంట్లో ఉంటే మనమే చదువుతాం, అక్కడైతే ఊరు చదువుతుంది అంది. పొడుగు నోటుబుక్కులో లిస్టు రాయించి, రసీదు తీసుకుంది. ఆ తర్వాత లైబ్రేరియన్ రిటైరయ్యారు, ఆ పోస్టు భర్తీ కాలేదు. వేరే ఊరి ఆయనకు ఇన్‌ఛార్జి ఇచ్చారు, వారానికి రెండు రోజులొచ్చేవాడు, తర్వాత అదీ లేదు. వానకు మిద్దె కారుతుంటే పుస్తకాల్ని వేరుశనగ గోతాల్లో కుక్కి మూలన పడేశారు. కిటికీలోంచి చూస్తే అడుగు గోతాం నల్లగా చెమ్మెక్కి కనబడుతోంది. అది చూసొచ్చిన రోజు మా అమ్మ అన్నం ముట్టలేదు.

డబ్బుల్లేవంటారు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను మేం కడుతూనే ఉన్నాం కదా సార్. ఆ పైసలు ఎక్కడ ఆగిపోతున్నాయో మాకెవరూ చెప్పరు. ఒక మనిషిని వేయండి, మిద్దె బాగుచేయించండి, గోతాలు విప్పించండి. సుగ్గికి పోయినవాళ్లు వెనక్కొచ్చే లోపు తలుపు తీయించండి, చేతులెత్తి మొక్కుతున్నా.

అది మీ వల్ల కాదంటే ఆ పుస్తకాలు మాకే తిరిగి ఇప్పించండి. మా ఇంటి వరండాలో బీరువా పెట్టి, పిల్లల్ని మేమే కూర్చోబెట్టుకుంటాం. అవ్వ తీసుకున్న రసీదు, పుస్తకాల లిస్టు నా దగ్గరున్నాయి, ఎవర్ని పంపినా చూపిస్తాను.

ఇట్లు,
టీచరమ్మ మనవరాలు,
కర్నూలు జిల్లా