గడ్డి చామంతి తరఫున ఒక మాట

ప్రియమైన మూర్తీ,

ఉత్తరం అందింది. కొత్త ఇంటి సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, లాన్‌లో మొలిచిన కలుపును మాత్రం రెండు పేజీలు తిట్టావు. ఫోటో చూశాను. నువ్వు దిక్కుమాలిన మొక్క అన్నది మన గడ్డి చామంతి కదరా! బడి రోజుల్లో పలకాకు అనేవాళ్ళం. ఈ ఆకూ బొగ్గూ కలిపి నూరి పలకలకు పట్టించి, చొక్కాలు నల్లగా చేసుకుని ఇంటికెళ్ళి తన్నులు తినలేదూ? ఇప్పుడు దాని మీదే మందు కొట్టిస్తానంటున్నావు.

కొట్టించే ముందు ఒక్క పువ్వు తెంపి, కళ్ళజోడు పెట్టుకుని చూడు. అంచున తెల్లటి రేకులు ఐదో ఆరో ఉంటాయి, ఒక్కో రేకు కొస మూడు పళ్ళుగా చీలి ఉంటుంది. తమాషా ఏమిటంటే అవి ఉత్త రేకులు కావు, ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు. మధ్యలో పసుపుపచ్చగా కనిపించేది కూడా సన్నటి గొట్టాల్లాంటి బుల్లి పూల గుంపే. గోటితో విడదీస్తే తెలుస్తుంది. ఒక్కో బుల్లి పువ్వు అడుగున ఒక్కో గింజ, దానికి ఈకల కుచ్చు. ఎండాక గాలి వీస్తే చాలు, ఎగిరిపోతాయి. (మీ మనవరాలి చేత మాత్రం ఊదించకు, నీ పని రెట్టింపవుతుంది.)

లాన్ మిషను తిప్పినా పోవడం లేదన్నావు. ఎలా పోతుంది? కాండం నేలబారున పాకుతూ కణుపుల దగ్గర వేళ్ళు దించుకుంటుంది. నిటారుగా లేచేది పువ్వు కాడ ఒక్కటే. మిషనుకు దొరికేది ఆ తలే.

పుట్టిల్లు మన దేశం కాదు, అమెరికా ఖండాల ఉష్ణప్రాంతం. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని శాస్త్రీయ నామం పెట్టాడు. నీ కోపానికి మద్దతు కావాలంటే, అమెరికా ప్రభుత్వం దీన్ని హానికరమైన కలుపు జాబితాలో చేర్చింది కూడా. వినాయక చవితి పత్రిలో గరికకూ ఉత్తరేణికీ ఉన్న చోటు దీనికి లేదు. అయినా పల్లెల్లో కొడవలి తగిలి వేలు తెగితే ముందు వెతికేది దీన్నే, ఆకు నలిపి పసరు పిండడానికి. గాయం లోతైతే ఆస్పత్రికే వెళ్ళు, నా ఉత్తరం పట్టుకుని కూర్చోకు.

నేను దీని పక్షం వహించేది అందుకు కాదు, సీతాకోకచిలుకల కోసం. నీ మందారాలు వాటిలో చిన్నవాటికి అందవు, వాటి తేనె లోతున ఉంటుంది. గడ్డి చామంతి మీద హాయిగా వాలి, ఒక్కో గొట్టంలోనూ తొండం ముంచుతూ గుండ్రంగా తిరుగుతాయి. ఎండాకాలంలో తక్కినవన్నీ వాడినా ఇది పూస్తూనే ఉంటుంది. పొద్దెక్కాక ఒకసారి లాన్ పక్కన కూర్చో. నేలకు జానెడు ఎత్తున తిరిగే పసుపువీ, గోరంత నీలివీ కనిపిస్తాయి. ఆ నీలివాటిలో ఒక రకం గుడ్లు పెట్టేది పులిచింతాకు మీద. అదీ నీ ఫోటోలో మూలన ఉంది, అదీ నీ తిట్ల జాబితాలో ఉంది!

శత్రువు కావాలంటే తుంగ మీద పడు. దాని గడ్డలు భూమిలో గొలుసుకట్టుగా ఉంటాయి, పైన పీకితే కింద నవ్వుతుంది. వెడల్పాకు కలుపుకు కొట్టే 2,4-డి అనే మందు గడ్డిని వదిలి నీ చామంతినీ పులిచింతనూ చంపుతుంది. తుంగగడ్డల జోలికి మాత్రం వెళ్ళదు. కాబట్టి గేటు పక్కన, గోడవారన కాస్త మేర వదిలెయ్యమని మాలికి చెప్పు. మిగతాచోట చేత్తో పీకించు, వాన పడ్డ మర్నాడైతే సులువు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. సంక్రాంతికి వస్తున్నాం, ఆలోగా మందు కొట్టించావో, పేచీ తప్పదు.

నీ
శేషు